ఆ కరపత్రం ఎవరు వ్రాశారు?

మీ ఇంట్లో మందుల డబ్బాలోనో, పాత రిపోర్టుల ఫైలులోనో ఒక రంగుల కరపత్రం ఉండే ఉంటుంది. పైన "మధుమేహులకు పది సూచనలు" అనో, "గుండెను కాపాడుకుందాం" అనో ఒక శీర్షిక, అడుగున ఒక వైద్యసంఘం పేరు, ఆ పేరు పక్కనే ఒక కంపెనీ గుర్తు. దయచేసి దానిని ఇప్పుడొకసారి బయటకు తీయండి. అందులో ఏమున్నదో తరువాత చూడవచ్చును, ముందుగా ఏమి లేదో చూడండి. వ్రాసినవారి పేర్లున్నాయా? ఏ సంవత్సరంలో వ్రాశారో ఉన్నదా? అచ్చుఖర్చు ఎవరు పెట్టుకున్నారో, పెట్టుకున్నవారికి ఆ రాతలో ఏమైనా ప్రమేయం ఉన్నదో లేదో చెప్పారా? పది సూచనలలో ఏవి గట్టిగా రుజువైనవి, ఏవి పెద్దల అభిప్రాయం మాత్రమే అన్న తేడా ఎక్కడైనా కనబడిందా?

నేను చూచిన కరపత్రాలలో చాలావాటికి ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు లేదు. ఒక వైద్యసంఘం తాను ఇచ్చే నివారణ సలహా ఎలా తయారయిందో చెప్పలేకపోతే, ఆ సలహాను ప్రజల చేతిలో పెట్టే హక్కు దానికి లేదని నా వాదన. ఈ మాట నా తోటి వైద్యులలో కొందరికి కష్టం కలిగిస్తుందని తెలుసు. అందుకే నా తప్పుతోనే మొదలుపెడతాను.

సుమారు ఇరవై ఏళ్ల క్రితం కోస్తాలోని ఒక జిల్లా కేంద్రంలో, ఒక వైద్యసంఘపు శాఖ తరఫున మధుమేహంపై కరపత్రం తయారుచేసిన ఉపసంఘంలో నేనూ ఒకడిని. మేము అయిదుగురం, అందరమూ డాక్టర్లమే. పోషకాహారం చదివినవారు లేరు, నర్సు లేరు, రోగి అసలే లేరు. ఒక ఆదివారం హోటలులో భోజనం ఏర్పాటైంది. ఆ ఏర్పాటు ఎవరిదో మీరు ఊహించగలరు. భోజనానికి ముందే ముసాయిదా సిద్ధంగా ఉన్నది, అమెరికా కరపత్రం ఒకదానికి తెలుగు సేత. మేము రెండు అక్షరదోషాలు దిద్ది, ఒక వాక్యం మీద కాసేపు వాదించుకుని, పెరుగన్నం తిని, సంతకాలు చేసి లేచాము. మొత్తం గంటన్నర పట్టలేదు. ఆ వాదించుకున్న వాక్యం ఏమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

కొన్నాళ్లకు ఒక పెద్దావిడ, ఏళ్లుగా నా వద్దకు వచ్చే మనిషి, రక్తంలో చక్కెర పెరిగి వచ్చింది. ఏమి తింటున్నావమ్మా అని అడిగితే కొంగు ముడి విప్పి మా కరపత్రం తీసింది. "మీరే కదా బాబూ ఇచ్చారు! రోజుకు అయిదు వడ్డింపులు పండ్లూ కూరలూ తినమని ఉంది. మా మనవరాలు చదివి చెప్పింది. అయిదుసార్లు వడ్డించుకుని తింటున్నాను. పూటపూటకీ కూర వండేదెవరు? అరటిపండ్లే తింటున్నాను" అన్నది.

ఆవిడ తప్పు ఏమున్నది? ఇంగ్లీషులో కొలత అయిన మాటను మేము తెలుగులో విస్తరి ముందుకు తెచ్చి పెట్టాము. ఒక గిన్నెడు కూర, ఒక జామకాయ అని చెప్పి ఉంటే సరిపోయేది. హైదరాబాదులోని తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అప్పటికే భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలను ప్రచురించి ఉన్నది. మాలో ఒక్కరికీ దానిని తిరగేయాలని తోచలేదు.

ఆవిడకు పెద్ద హాని జరగలేదు, రెండు వారాలలో సర్దుకున్నది. కానీ అటువంటి సలహాల వలన పెద్ద హాని జరిగిన చరిత్ర ఉన్నది. అది మీరు తెలుసుకోవాలి.

రోగంతో వచ్చిన మనిషికి మందివ్వడం ఒక వ్యవహారం. అతడు బాధతో తానుగా వచ్చాడు, కొంత సందేహం ఉన్నా ఏదో ఒకటి చేయక తప్పదు. నివారణ సలహా అటువంటిది కాదు. ఆరోగ్యంగా, తన పని తాను చూచుకుంటున్న మనిషి దగ్గరకు మనమే వెళ్లి "నీ అలవాటు మార్చుకో, ఈ పరీక్ష చేయించుకో" అంటున్నాము. అటువంటప్పుడు మనవద్ద ఉండవలసిన ఆధారం చికిత్సకు కావలసినదానికన్నా గట్టిగా ఉండాలి. ఆచరణలో జరిగేది తలక్రిందులు. మందుకు అనుమతి కావాలంటే ఏళ్ల తరబడి పరీక్షలు, సలహాకు మాత్రం ఒక ఆదివారం భోజనం.

పసిపిల్లలను ఎలా పడుకోబెట్టాలన్న సలహా కథ చూడండి. గత శతాబ్దపు మధ్యభాగం నుండి పాశ్చాత్య దేశాలలో పేరుమోసిన శిశువైద్యులు పసివాళ్లను బోర్లా పడుకోబెట్టమని తల్లులకు చెబుతూ వచ్చారు. వెల్లకిలా పడుకుంటే వాంతి గొంతుకు అడ్డుపడుతుందని వారి తర్కం. వినడానికి ఎంత సబబుగా ఉన్నదో! ఎవరూ లెక్కలు తీసి చూడలేదు. బోర్లా పడుకున్న పిల్లలలో నిద్రలోనే అకస్మాత్తుగా మరణించేవారు ఎక్కువని తేలిన తరువాత, అమెరికా శిశువైద్యుల అకాడమీ 1992లో ఆ సలహాను తిరగవేసింది. తరువాతి సంవత్సరాలలో అక్కడ అటువంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. అసలు బాధ ఇంకొకటి. 2005లో బ్రిటన్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నిటినీ వరుసగా పేర్చి చూస్తే, 1970 నాటికే ప్రమాదం కనబడుతున్నదని తేలింది. అప్పుడే ఎవరైనా కూర్చుని ఉన్న ఆధారాలను క్రమపద్ధతిలో కలిపి చూచి ఉంటే, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాలలో కనీసం 50,000 మంది పసివాళ్లు బ్రతికి ఉండేవారని వారి అంచనా. ఆ సలహా ఇచ్చినవారిలో దుర్మార్గులు ఎవరూ లేరు. మంచి మనసు, మంచి పేరు, మంచి తర్కం మూడూ వారికి ఉన్నాయి.

వేరుశనగల సంగతి కూడా ఇటువంటిదే. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పిల్లలకు మూడేళ్లు నిండేవరకు వేరుశనగ పెట్టవద్దని అదే అకాడమీ 2000లో చెప్పింది, ఆధారం చాలదని 2008లో ఆ మాటను వెనక్కు తీసుకున్నది. 2015లో 640 మంది పిల్లలపై జరిగిన ప్రయోగఫలితం వెలువడింది. పసితనంలోనే వేరుశనగ తినిపించినవారిలో అయిదేళ్ల వయసుకు అలర్జీ ఉన్నవారు నూటికి ముగ్గురు, తినిపించకుండా ఉంచినవారిలో నూటికి పదిహేడుగురు. నివారణ అనుకున్న సలహా పూర్తిగా ఎదురుదిశలో ఉన్నదన్నమాట. అయితే ఈ విషయంలో ఆ అకాడమీని నేను కొంత మెచ్చుకుంటాను. చెప్పినది తేదీతో చెప్పింది, వెనక్కు తీసుకున్నదీ తేదీతో తీసుకున్నది. మా కరపత్రంలో తేదీయే లేదు. అది ఇంకా ఎవరి ఇంట్లో ఉండి ఎవరికి అరటిపండ్లు తినిపిస్తున్నదో!

మరి సరైన పద్ధతి ఏమిటి? అది రహస్యమేమీ కాదు. అమెరికా వైద్యశాస్త్ర సంస్థ 2011లో, నమ్మదగిన మార్గదర్శకాలకు ఉండవలసిన లక్షణాలను వివరంగా వ్రాసి పెట్టింది. సారాంశం నా మాటలలో చెబుతాను. మొదట ప్రశ్నను స్పష్టంగా వేసుకోవాలి: ఎవరికి, ఏ పని చేస్తే, ఏ మేలు, ఏ కీడు? తరువాత ఆ ప్రశ్నపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ వెదకాలి, నచ్చినవి మాత్రమే ఏరుకోకూడదు. కూర్చునే బృందంలో ఆ రంగపు నిపుణులతోపాటు కుటుంబవైద్యులు, గణాంకాలు తెలిసినవారు, రోగుల తరఫువారు ఉండాలి. ఎవరికి ఏ కంపెనీతో సంబంధం ఉన్నదో ముందే ప్రకటించాలి, అటువంటివారు బృందంలో సగానికి తక్కువే ఉండాలి, అధ్యక్షుడికి అసలు ఉండకూడదు. ప్రతి సలహా పక్కనా దాని ఆధారం ఎంత బలమైనదో వ్రాయాలి. ముసాయిదాను బయటివారికి చూపించి విమర్శ వినాలి. కొత్త ఆధారం వచ్చినప్పుడు మార్చాలి.

వీటిలో బలం వ్రాయడం అన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. అమెరికాలో నివారణ సేవలపై ఒక స్వతంత్ర కార్యదళం ఉన్నది. అది ప్రతి సలహాకు ఏ, బీ, సీ, డీ అని అక్షరం ఇస్తుంది. ఆధారం చాలనప్పుడు "తేల్చి చెప్పలేము" అని చెప్పడానికి వేరే అక్షరమే ఉన్నది. తెలియదు అని అధికారికంగా ప్రకటించగల సంఘం ఒక్కటి మన దగ్గర కనబడితే నేను దానికి పాదాభివందనం చేస్తాను.

పద్ధతి ఎంత బాగున్నా తగవులు ఉంటాయి, ఉండాలి కూడా. 2017 నవంబరులో అమెరికా హృద్రోగ సంఘాలు రక్తపోటు హద్దును 140/90 నుండి 130/80కి దించాయి. అంతకుముందు ఆ దేశపు పెద్దలలో నూటికి 32 మంది అధిక రక్తపోటు ఉన్నవారు, కొత్త లెక్కతో 46 మంది. ఒక్క పూటలో కోట్లమందికి జబ్బు పేరు వచ్చింది. (అందరికీ మందు వేయమని వారు చెప్పలేదు, చాలామందికి ఆహారం, వ్యాయామం మాత్రమే చెప్పారు. ఈ సంగతి మన పత్రికలలో సరిగా రాలేదు.) డిసెంబరులోనే అక్కడి కుటుంబవైద్యుల అకాడమీ దానిని ఆమోదించబోమని ప్రకటించింది. చాలా సలహాలకు క్రమబద్ధమైన సమీక్ష వెనుక లేదని, ఒకే ప్రయోగానికి అధిక ప్రాధాన్యం ఇచ్చారని, బృందంలో స్వప్రయోజనాల చిక్కులున్నాయని కారణాలు చెప్పింది. మరుసటి ఏడు యూరప్ సంఘాలు 140/90 వద్దనే నిలిచాయి. ఎవరిది ఒప్పు అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. ఇరుపక్షాల కారణాలూ అచ్చులో ఉన్నాయి, చదివి ఎవరైనా ప్రశ్నించవచ్చును.

మన దగ్గరికి వద్దాం. 2017లోనే అయిదు రాష్ట్రాలలో, అందులో తెలంగాణలో కూడా, ప్రభుత్వపు రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అది 140/90ని హద్దుగా పెట్టుకున్నది. అదే ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి గోడమీది పోస్టరులో 130/80 ఉంటుంది. రోగి రెండుచోట్లకూ వెళతాడు. ఒకచోట ఆరోగ్యవంతుడు, మరొకచోట రోగి. ఆ తేడా ఎందుకు వచ్చిందో ఆ పోస్టరు చెప్పదు, దానికింద పేరున్న సంఘమూ చెప్పదు. చివరకు అతడు డాక్టర్లందరూ ఒకటేనని ఆకుపసరు వేసేవాడి దగ్గరకు పోతే, ఆ పాపంలో మాకు వాటా లేదా?

ఇక డబ్బు. 1997లో అమెరికా వైద్యసంఘం ఒక గృహోపకరణాల కంపెనీతో, దాని వస్తువులపై తన ముద్ర వేయడానికి ఒప్పందం చేసుకున్నది. ఆ వస్తువులను పరీక్షించి చూచే బాధ్యత కూడా పెట్టుకోలేదు. సభ్యులు మండిపడ్డారు, ఒప్పందం రద్దయింది, కంపెనీ దావా వేసింది, సంఘం దాదాపు కోటి డాలర్లు చెల్లించి బయటపడింది. మన దేశంలో 2008లో అతిపెద్ద వైద్యసంఘమే ఒక శీతలపానీయాల కంపెనీ అమ్మే పండ్లరసానికీ ఓట్సుకూ తన పేరు అరువిచ్చింది. భారత వైద్యమండలి దానిని తప్పుగా తేల్చింది. బాగానే ఉన్నది. కానీ అదే మండలి 2016లో ఏమి చేసిందో ఎందరికి తెలుసు? కంపెనీల నుండి కానుకలు, ఆతిథ్యం పుచ్చుకోరాదన్న నియమం మొదట డాక్టర్లకూ, డాక్టర్ల సంఘాలకూ కూడా వర్తించేది. ఆ ఏడు సవరణలో "సంఘాలు" అన్న మాటను తీసివేశారు. ఒక్క డాక్టరు పెన్ను పుచ్చుకుంటే నేరం, వెయ్యిమంది డాక్టర్లు కలిసి మహాసభ ఖర్చు పుచ్చుకుంటే నియమం వర్తించదు! 2023లో కొత్త నియమావళి వచ్చి, కంపెనీలు ఖర్చు భరించే సభలకు డాక్టర్లు వెళ్లరాదన్నది. దాదాపు మూడు వారాలకే దానిని పక్కన పెట్టారు.

డబ్బు లేకుండా కరపత్రాలు ఎలా అచ్చవుతాయని మిత్రులు అడుగుతారు. సభ్యత్వపు చందాతో అచ్చువేయండి. నలుపు తెలుపులో వేయండి. బ్రోకలీ బొమ్మ లేకపోతే మునిగిపోయేదేమీ లేదు, మన సంతలో దొరికేవి గోంగూరా బీరకాయా. అప్పటికీ చాలకపోతే పుచ్చుకోండి, కానీ ఎవరివద్ద ఎంత పుచ్చుకున్నారో ఆ కాగితం మీదనే వ్రాయండి.

డాక్టర్లు తమ రాబడికి నష్టమని తెలిసి కూడా నిజం చెప్పిన సందర్భాలు లేకపోలేదు. దక్షిణ కొరియాలో ఆరోగ్యపరీక్షల ప్యాకేజీలలో భాగంగా లక్షలమంది మెడకు అల్ట్రాసౌండు తీయించుకున్నారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయ్యాయి, దానితో మరణించేవారి సంఖ్య మాత్రం మారలేదు. అంటే ఎన్నడూ హాని చేయని చిన్న గడ్డల కోసం వేలమంది గొంతు కోయించుకున్నారు, జీవితాంతం మాత్రలు మింగారు. 2014లో ఎనిమిదిమంది డాక్టర్లు కలిసి, లక్షణాలు లేనివారు ఈ పరీక్ష చేయించుకోవద్దని ప్రజలకు బహిరంగలేఖ వ్రాశారు. ఒక్క ఏడాదిలో శస్త్రచికిత్సలు నూటికి 35 వంతున తగ్గాయి. హైదరాబాదులో, విజయవాడలో పండుగ రాయితీలతో అమ్ముతున్న "ఫుల్ బాడీ చెకప్" ప్రకటనలు చూచినప్పుడల్లా ఆ ఎనిమిదిమంది గుర్తుకు వస్తారు. మన సంఘాలలో ఎవరూ అటువంటి లేఖ వ్రాయగా నేను చూడలేదు.

"సామాన్యులకు ఇన్ని వివరాలు అక్కరలేదు, అయోమయపడతారు" అన్నది నేను నలభై ఏళ్లుగా వింటున్న మాట. అయోమయపెట్టేది మన భాష. ఉప్పు సంగతే తీసుకోండి. రోజుకు మనిషికి 5 గ్రాములకు లోపు అని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పింది, ఆధారమూ బలమైనదే. మన కరపత్రాలు "సోడియం 2000 మిల్లీగ్రాములకు పరిమితం చేయుడు" అని వ్రాస్తాయి. వంటింట్లో మిల్లీగ్రాములు తూచేవారెవరు? ఇలా చెప్పి చూడండి: మీ ఇంట్లో నలుగురు పెద్దలు ఉంటే రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ఉప్పు పొట్లం కనీసం 50 రోజులు రావాలి. పొట్లం విప్పిన రోజున దానిమీద పెన్నుతో తేదీ వేయండి. ఆవకాయకు, మాగాయకు వాడిన ఉప్పును కూడా ఈ లెక్కలోనే కలపండి. అప్పడాలలో, బజారు చిరుతిండిలో ఉన్నది వేరే, కనుక నిజానికి 50 రోజులకన్నా ఎక్కువే రావాలి. నేను ఇలా చెప్పిన ఇళ్లలో చదువురాని ఇల్లాళ్లు కూడా నెల తిరిగేసరికి "ఇరవై రోజులకే అయిపోయింది బాబూ" అని వారే వచ్చి చెప్పారు. సోడియం అన్న మాట ఒక్కరూ ఎత్తలేదు. (తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదానిలో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బున్నవారు, కొన్ని రక్తపోటు మందులు వాడేవారు డాక్టరును అడగకుండా దానిని వాడరాదు.)

అందుచేత ముసాయిదాను నిపుణులతోపాటు మరొకరికి కూడా చదివి వినిపించాలి. ప్రభుత్వాసుపత్రి ఓపీ వరుసలో నిలబడినవారు పదిమంది చాలు. చదివి వినిపించి, "ఇప్పుడు ఇంటికి వెళ్లి ఏమి చేస్తారు?" అని అడగాలి. వారి జవాబు మన ఉద్దేశానికి భిన్నంగా ఉంటే తిరగవ్రాయాలి. దీనికి కంపెనీ డబ్బు అక్కరలేదు, ఒక ఉదయం చాలు. మా ఉపసంఘం ఆ పని చేసి ఉంటే వడ్డింపులన్న మాట మొదటి మనిషి దగ్గరే పట్టుబడేది.

ఒక అపార్థానికి తావివ్వకుండా చెప్పవలసినది ఉన్నది. ఈ వ్యాసం చదివి ఎవరూ బీపీ మాత్రలు మానకండి, పిల్లల టీకాలు వాయిదా వేయకండి, పొగాకు సంగతి ఇంకా తేలలేదని అనుకోకండి. ఇవి గట్టి ఆధారం ఉన్న సలహాలు, ఎన్ని ప్రశ్నలు వేసినా నిలుస్తాయి. అసలు ఆధారం ఉన్నదానినీ లేనిదానినీ ఒకే రంగుకాగితం మీద ఒకే అక్షరాలలో అచ్చువేయడమే టీకాలకు కూడా చేటు. పదింటిలో ఒకటి అబద్ధమని తేలిన రోజున జనం మిగిలిన తొమ్మిదింటినీ కూడా పారవేస్తారు.

గత నెలలో ఒక సంఘపు శాఖవారు కొత్త కరపత్రం ముసాయిదా పంపి, "సలహాదారు" అని నా పేరు వేస్తామన్నారు. పై నాలుగు ప్రశ్నలకు జవాబులు చేర్చమని, మిల్లీగ్రాముల చోట పొట్లం లెక్క వేయమని, ఓపీలో పదిమందికి వినిపించి వారేమన్నారో నాకు వ్రాయమని తిప్పి పంపాను. ఇంతవరకు జవాబు రాలేదు. వచ్చిన రోజున దానిని యథాతథంగా ఇక్కడే ప్రచురిస్తాను.